షుకూర్ డిమ్మర్‌స్టాట్ పిడి

చదివింది ఏడో తరగతే అయినా, కారేపల్లి చుట్టుపక్కల బోరు మోటార్లకు మొదట వైండింగ్ చేసినవాణ్ని నేనే. మా చర్చి మైకు, మూడు రైసుమిల్లుల కరెంటు పని నా చేతుల మీదే జరిగాయి. టేకులపల్లి షుకూర్‌కు పని నేర్పిందీ నేనే. మెరుపులు పుట్టించడం మాత్రం అతను సొంతంగా నేర్చుకున్నాడు.

2006లో ఖమ్మంలో మూతపడ్డ ఓ దుకాణం నియాన్ బోర్డు నుంచి పదిహేను వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. అలాంటిది ఇంకొకటి దొరకదు. ప్లాస్టిక్ పైపుకు వెయ్యికి పైగా సన్నతీగ చుట్లు చుట్టి, గాల్లోకి మెరుపులు వదిలే టెస్లా కాయిల్ చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే వోల్టేజీని పెంచడానికి, తగ్గించడానికి, తిప్పే పిడి ఉన్న డిమ్మర్‌స్టాట్ పెట్టాడు.

"మెరుపులు చేసెటోనికి ఇంట్ల బల్బు మార్చ తీరదు" అని భార్య ఫజిలత్ దెప్పేది.

అప్పటికే షుకూర్ వైండింగ్ షాపులో పనుల్లేవు. కాయిల్ పనిచేస్తే కాలేజీ ల్యాబులో ఉద్యోగం ఇప్పిస్తానన్న ఖమ్మం లెక్చరరు వెంకటరామారావు ఓ పొద్దున చూడటానికి వచ్చాడు.

పొలాల మోటార్లన్నీ నడుస్తున్నాయి. రెండొందల ముప్పై ఉండాల్సిన లైన్లో నూట అరవై వోల్టులే. అలాంటి వేళ మా వైపు డిమ్మర్‌స్టాట్ పిడి చివరిదాకా తిప్పి వదిలేస్తారు. నేనూ అలాగే తిప్పాను.

"ఉస్తాద్, మీటరు జూస్కో. పదింటికి మోటార్ల లైను బందైతది. అంతకుముందే పిడి సున్నాకు దించాలె" అన్నాడు షుకూర్.

"నాకే చెప్తున్నవారా? నువ్వు పుట్టకముందే రైసుమిల్లు నడిపించిన!"

జానెడు ఊదారంగు మెరుపు లేచింది. లెక్చరరు చప్పట్లు కొట్టాడు. "సోమవారం కాలేజీకి పట్కరా షుకూర్. మావోళ్లు జూస్తే నౌకరి ఆర్డరే!"

షుకూర్ కళ్లు తుడుచుకున్నాడు. నేను లెక్చరరు వైపు తిరిగి రైసుమిల్లు కథ మొదలుపెట్టాను. పది దాటింది. మోటార్లన్నీ ఆగి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకింది. మెరుపు మూరెడైంది.

"చూసిన్రా సార్, మా పనితనం!" అన్నాను.

ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తారు కాలిన వాసన వచ్చింది. మెరుపు ఆరిపోయింది.

లెక్చరరు వంగి, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను చూశాడు. "ఇది లేకుంటే వాళ్లకేం చూపెట్టాలె?"

"కరెంటు లైను తప్పు సార్" అన్నాడు షుకూర్, నా వైపు చూడకుండా.

ఆ ఏడే షాపు మూసేశాడు. ఇప్పుడు పర్ణశాల దారిలో కిరాయి జనరేటర్లకు డీజిల్ పోస్తున్నాడు. నేను వెళ్తే కుర్చీ తుడిచి వేస్తాడు. "మా ఉస్తాద్" అని ఓనరుకు చెబుతాడు.

అక్కడ మాత్రం నేను రైసుమిల్లు ఊసెత్తను.