గురువుగారు పాడినట్టే పాడినం

మాది నాందేడ్. హిందుస్తానీ సంగీతంల సొంతంగ పాటలు కట్టే గురువుగారి దగ్గర నేను పెండ్లికి ముందు నుంచే నేర్చుకుంటున్న. ఆయన పాటల్ల స్వరం ఎప్పుడు ఎటు మర్లుతదో ఎవ్వరికీ తెల్వదు. అందుకే ఆయన ఎట్ల పాడితే మేం అట్లనే పాడాలె, ఎందుకని అడగొద్దు.

పోయిన వానకాలం ఒకనాడు పొద్దుగాల మా ముగ్గురు ఆడోళ్లకు కొత్త పాట చెప్తున్నరు. రెండో చరణంల మాటలు ముద్దముద్దగ వచ్చినయి. స్వరం కిందికి జారింది. ఇదేదో కొత్త పోకడ అనుకొని, కండ్లు మూసుకొని మేం గూడ ముద్దముద్దగనే పాడినం. ఆయన మళ్లా పాడిన్రు. మేం మళ్లా పాడినం.

వంటింట్లకెల్లి ఆయన భార్య ఉరికొచ్చింది. "బంద్ చెయ్యుండ్రి! ముందుగాల ఆయన మొఖం చూడుండ్రి!" అని మొత్తుకుంది.

కండ్లు తెరిస్తే ఆయన మూతి ఒక పక్కకు వంకరపోయి ఉంది. తాళం వేసే చెయ్యి ఒళ్లె పడి ఉంది. చూపు మాత్రం మమ్ములను బతిమాలుతున్నది.

ఆటోల దవాఖానకు తీసుకపోయినం. "పక్షవాతం. ఇంక జర ఆలస్యమైతే మనిషి దక్కకపోతుండె" అన్నడు డాక్టర్.

పానం దక్కింది గాని మాట ఇంకా తిరిగి రాలే. ఆయన సాయం కోసం మొత్తుకుంటుంటే, మేం పాఠమనుకొని అప్పజెప్పినం.