పేరమ్మ గంప వేషం

పేరమ్మకు ఇంగ్లీషు నేర్చుకోవడం కంటే, నేర్చిన ఇంగ్లీషును నోట్లోనే దాచుకోమనడం ఎక్కువ కష్టమైంది.

ఇందుకూరుపేట దాటాక, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె ఆమెది. పంతొమ్మిది వందల అరవై రెండులో ఆ ఊరి బడిలో పెద్దవాళ్లకు సాయంత్రాలు ఇంగ్లీషు మొదలుపెట్టారు. పంతులు పద్మనాభయ్య మంచివాడే. పుస్తకం మూసేసి, ఒకరిని అమ్మేవాడిగా, ఇంకొకరిని కొనేవాడిగా నిలబెట్టి మాట్లాడించేవాడు. మాట్లాడుతుంటే వ్యాకరణం దానంతటదే వస్తుందనేవాడు. ఇంత తెలిసిన పెద్దమనిషికి ఆడదానికీ నోరుంటుందని మాత్రం తెలియలేదు!

నెల్లూరు నుంచి ఆఫీసరు వస్తున్నాడని పంతులు చేపల బేరం మీద ఒక ఆట కట్టాడు. ఆ రోజు మాట్లాడినవాళ్లకే రెండో పుస్తకం, మిగతావాళ్లు ఇక బడికి రానక్కర్లేదన్నాడు. అమ్మేవాడు పేరమ్మ మొగుడు చిన్నపోలయ్య. కొనేవాడు రైతు జయరామయ్య. పేరమ్మకు గంప మోసే వేషం. ఒక్క మాట లేదు.

“అయ్యోరా, దినామూ ఊళ్లెంట తిరిగి చేపలమ్మేది నేను గదా?” అంది.

“ఆఫీసరు ముందర ఆడవాళ్లు తడబడితే నా పరువు పోతుంది. నువ్వు గంప దించి పక్కన నిలబడు.”

ఒళ్లు మండింది పేరమ్మకు. మండదా మరి? ఆమె తడబడగా ఆయన చూసిందెప్పుడు? పొయ్యి ముందు కూర్చుని మొగుడి చేత ఆ మాటలన్నీ వల్లె వేయించింది ఆమే.

ఇన్నాళ్లూ ఖాళీ గంపతో ఆడారు. ఆ రోజు మాత్రం ఆఫీసరు మెచ్చాలని పంతులు నిజం చేపలు తెప్పించాడు. జయరామయ్య గంప దగ్గరకొచ్చి “హౌ మచ్?” అన్నాడు. చిన్నపోలయ్య పెదవి విప్పలేదు. పంతులు మాట అందించాడు, కసిరాడు, చివరికి “నోరు పడిపోయిందా?” అని అరిచాడు.

“చేప గంపలో పడినాక మొగోడు ధర చెప్పకూడదు అయ్యోరా. మా కాడ అది ఆడోళ్ల మాట. ఆటకైనా నేను చెప్పను,” అన్నాడు చిన్నపోలయ్య.

పేరమ్మ ముందుకొచ్చింది. “దిస్ ఈజ్ మై ఫిష్. వన్ రుపీ. గుడ్ ఫిష్. డు యు వాంట్?” ఎక్కడా తడబడలేదు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. “మొగుడు బెల్లంకొట్టిన రాయిలా నిలబడటం, పెళ్లాం అందుకోవడం! ఆట భలే కట్టారండీ,” అని పంతులు చెయ్యి పట్టుకున్నాడు. పంతులు కాదనలేదు. సిగ్గన్నది ఉండొద్దూ? నమస్కారం పెట్టి ఆ మెప్పంతా మింగేశాడు.

“అయితే రెండో పుస్తకం ఎవరెవరికి?” అన్నాడు ఆఫీసరు.

పద్మనాభయ్య నోరు తెరవబోయాడు.

“మీరు పక్కన నిలబడండి అయ్యోరా, నేను చెప్తా,” అంది పేరమ్మ. ఆఫీసరు వైపు తిరిగి, ఒక చేత్తో మొగుణ్ణి చూపిస్తూ, చేపల తడి ఆరని రెండో చెయ్యి చాపింది. “టూ బుక్స్ సార్. వన్ మై బుక్. వన్ హిజ్ బుక్.”