జాయింటు మీద కుంకుమ

మా పికప్ బండి వణకడం మొదలుపెట్టింది మనవడు పుట్టిన రోజుల్లోనే. ఎప్పుడూ కాదు, ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు మాత్రమే. మా ఆయన క్లచ్ వదిలి బండిని ముందుకు తీస్తుంటే సీటు కింద ఏదో గడగడమనేది. రెండో గేరు పడేసరికి ఆ గడగడ మాయం. ఇక రోడ్డంతా బుద్ధిగా వెళ్ళేది. అందుకే మా ఆయన దాన్ని లెక్కచెయ్యలేదు. "కదిలినప్పుడే కదే, తరవాత బాగానే ఉంటాది" అనేవారు. కదలకుండా ఏ బండీ ఏ ఊరూ వెళ్ళదని నేనంటే, నాది పెద్ద నోరని కొట్టిపారేసేవారు.

మాది గజపతినగరం దగ్గర పల్లె. కూరగాయల గంపలు, సిమెంటు బస్తాలు, పెళ్ళిళ్ళ వంటసామాను, ఏది దొరికితే అది ఆ బండి మీద మోసి ఇల్లు గడుపుకునేవాళ్ళం. వీలున్నప్పుడు నేనూ పక్క సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని. అన్నం పెట్టే బండి కదా, చెప్పులు విప్పి ఎక్కడం నా అలవాటు. స్టీరింగ్ పట్టుకున్న ఆయన చేతులు ఆ వణుకుని మరిచిపోయాయి గానీ నా అరికాళ్ళు మరిచిపోలేదు. జ్వరం వచ్చే ముందు ఒళ్ళు ఒకసారి జలదరిస్తుంది చూడండి, అలా ఉండేది. నాకు భయమేసేది. ఆ మాట పైకే అనేదాన్ని.

నా పోరు పడలేక ఆయన బండిని బొబ్బిలిలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళారు. వాళ్ళు క్లచ్ ప్లేటు అరిగిపోయిందని మార్చారు. తిరిగి వస్తూ రైలు గేటు దగ్గర ఆగి కదిలామో లేదో, మళ్ళీ అదే గడగడ. ఆయన నా వైపు చూడలేదు. నేనూ ఏమీ అనలేదు, అనకపోవడం నాకెంత కష్టమో ఆయనకి తెలుసు.

చివరికి మా తమ్ముడి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. వాడికి ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉంది. బావమరిది చేత బండి బాగుచేయించుకోవడం మా ఆయనకి నామోషీ. వాడు పని ఊరికే చేస్తాడు, ఆటపట్టించడం మాత్రం మానడు. "ఏటి బావా, ఊరంతా తిరిగొచ్చేవా" అంటూనే బండి కిందికి దూరాడు.

ఇంజను తిరుగుడుని వెనక చక్రాలకి అందించే పొడవాటి రాడ్డుని వాళ్ళు జాయింటు రాడ్డు అంటారు. మా బండిలో అది రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో దాన్ని మోసే బేరింగు, ముక్కలు కలిసే చోట జాయింట్లు. తమ్ముడు బేరింగు చుట్టూ ఉన్న రబ్బరు చిరిగిందని కొత్తది వేశాడు. జాయింట్లని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా వదులు లేదు. "రాయిలాగున్నాదక్కా" అన్నాడు. తరవాత ఖాళీ బండిని షెడ్డు ముందు ఆపుతూ కదుపుతూ చూశాడు. కొంచెం గుర్రుమంది, అంతే. కొత్త రబ్బరు సర్దుకుంటే అదీ పోతుందన్నాడు.

పోలేదు. ఖాళీగా ఉన్నప్పుడు పిల్లిలా ఉండే బండి, బరువెక్కిస్తే పూనకం వచ్చినట్టు ఊగేది. ఒకరోజు చీపురుపల్లి సంత నుంచి వస్తూ ఎత్తు మీద ఆగి కదిలేసరికి అద్దం ముందు అతికించిన వినాయకుడు ఊడి నా కాళ్ళ దగ్గర పడ్డాడు. ఇంటికొచ్చాక మా అత్తకి చెప్పాను. ఆవిడ బండి చుట్టూ తిరిగి, దిష్టి గట్టిగా తగిలిందని తేల్చి, ముందు ఇంకో నిమ్మకాయల దండ కట్టించింది. శుక్రవారం పూజ నాదే, అది మరికాస్త శ్రద్ధగా చెయ్యమంది. చేశాను. దేవుడి మీద నాకు నమ్మకం ఉంది, నిమ్మకాయల మీదే అంత లేదు.

పిల్లాడు మెడ నిలబెట్టాక అమ్మాయిని అత్తారింటికి పంపాలని ముహూర్తం పెట్టించారు. వాళ్ళది సాలూరు దాటి ఘాట్ రోడ్డెక్కాక, ఒడిశాలో. తల్లినీ బిడ్డనీ ఉత్త చేతులతో పంపరు కదా. అరిసెలు, లడ్లు, చలివిడి డబ్బాలు, బియ్యం బస్తాలు, ఉయ్యాల, బీరువా, అంతా బండికెక్కించారు. మా వైపు సారె ఒకసారి బండెక్కితే మళ్ళీ దించి ఇంట్లోకి తేకూడదు. తెస్తే పిల్లే తిరిగొచ్చేస్తుందంటారు. వెనక కమాను పట్టీలు వంగిపోయేదాకా బరువు పడింది. వేరే కారు మాట్లాడదామని ముందురోజు నేనంటే, సొంత బండి ఉండగా అద్దె బండిలో పంపితే వియ్యాలవారు ఏమనుకుంటారని మా అత్త కసురుకుంది. సారె ఒక బండిలో, పిల్ల ఒక బండిలో వెళ్ళడం ఆవిడకి అస్సలు నచ్చలేదు.

ముందు సీట్లో మా ఆయన, అటు చివర మా అత్త, మధ్యలో పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని నా కూతురు. నేను ఎదురు రావాలి. బండి కదలగానే వీధి మలుపు నుంచి నిండు బిందెతో నడిచొచ్చి, దగ్గరికి రాగానే పక్కకి తప్పుకోవాలి. నుదుటి నిండా బొట్టు పెట్టుకుని, బిందె చంకనెత్తుకుని మలుపులో నిలబడ్డాను. పొద్దుటి ఎండ అద్దం మీద పడి లోపలివాళ్ళు కనపడటం లేదు. వాళ్ళక్కడ లేనట్టే అనిపించింది.

ఆయన బండి తీశారు. తియ్యగానే ఊగింది, ఎప్పటిలా కాదు, బీరువా తలుపులు దడదడ కొట్టుకున్నాయి, డబ్బాలు మూలిగాయి, ముందు దండలో నిమ్మకాయలు ఎగిరెగిరి పడ్డాయి. నా అడుగు ఆగిపోయింది. సాగనంపడానికి వచ్చి నా పక్కనే నడుస్తున్న మా తమ్ముడు నా మొహం చూసి నవ్వేశాడు. "గాబరా పడకక్కా. అడుగున జాయింటు దాకా దూరి కుంకుమెట్టేవు గదా. ఆ తల్లే సూసుకుంటాది" అన్నాడు.

నేను బండి అడుగుకి ఎప్పుడు దూరాను?

బానెట్‌కి పెడతాను, స్టీరింగుకి పెడతాను, నాలుగు చక్రాలకీ పెడతాను. ఈ నడుముతో, ఈ చీరతో బండి కింద పడుకుని పూజ చేసే భక్తి నాకు లేదు. "నానెట్టలేదురా" అన్నాను. వాడు వినిపించుకోలేదు. బండి దగ్గరికి వచ్చేసింది. నేను పక్కకి తప్పుకోవాల్సిన చోటు అదే. తప్పుకోలేదు.

ఆయన హారన్ కొట్టారు. మా అత్త కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటే, తప్పుకోయే, ముహూర్తం దాటిపోతన్నాది" అని అరిచింది. నేను బిందె నేల మీద దించి బండి ముందే నిలబడ్డాను. శుభమా అని బయల్దేరిన బండికి అడ్డం నిలబడిన తల్లిని మా వీధి అంతవరకు చూసి ఉండదు. "సంపినా తప్పుకోను. ముందు కిందికి దూరి ఆ కుంకుమేటో సూడరా" అన్నాను తమ్ముడితో.

వాడు విసుక్కుంటూనే దూరాడు. బయటికి వచ్చి అరచేయి చాపాడు. ఎర్రటి పొడి. నేను రెండు వేళ్ళతో నలిపి చూశాను. కుంకుమ మెత్తగా ఉంటుంది, వేలికి పట్టుకుంటుంది. ఇది ఇసకలా గరగరమంది. మా ఆయన ఇంజను ఆపి దిగారు.

"తుప్పు బావా" అన్నాడు వాడు. గొంతులో ఎకసెక్కం లేదు. "సెడ్డులోనూ ఇదే సూసేను. అక్క ఎట్టిన కుంకుమని కళ్ళకద్దుకున్నాను. తుడవకూడదని గుడ్డ కూడా ఎట్టలేదు."

సారె దించకూడదు కాబట్టి మనుషుల్ని మాత్రం దింపి, బరువుతోనే వీధిలో జాకీలు పెట్టి రాడ్డు విప్పాడు. జాయింటు లోపల సూదుల్లాంటి ఇనప పుల్లలు ఉండాలట. గ్రీజు ఎండిపోయి అవి పొడైపోయాయి. ఆ పొడే బయటికి రాలింది. లోపల తుప్పుకి బిగుసుకుపోవడం వల్ల చేత్తో తిప్పితే గట్టిగా ఉంది, గట్టిగా ఉంటే బాగుందనుకున్నాడు. ఖాళీ బండికి ఎలాగో ఓర్చుకుంది. బరువుతో మొదటి లాగుడు లాగినప్పుడల్లా అది మెలితిరిగి కొట్టుకునేది, అదే మా వణుకు. బయటికి తీసిన ముక్క ఒక మూల పురుగు తిన్న పన్నులా ఉంది.

"ఘాటీ ఎక్కతా ఎక్కడో ఆగి, ఈ బరువుతో కదిలితే ఏటయ్యేది?" అని అడిగాను. "ముందుపక్క జాయింటు తెగితే రాడ్డు రోడ్డులో దిగబడతాది. బండి దాని మీద లెగిసి తిరగబడతాది" అన్నాడు వాడు నేల చూస్తూ. మా ఆయన అరుగు మీద కూలబడిపోయారు. ఆ పక్కనే నా కూతురు పిల్లాడికి పాలిస్తూ మా మాటలన్నీ వింటోంది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

తమ్ముడు విజయనగరం వెళ్ళి కొత్త జాయింటు తెచ్చి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. పంతుల్ని అడిగి ఇంకో మంచి ఘడియ చూశారు. నేను బిందె మళ్ళీ నింపుకుని మలుపు వైపు నడుస్తుంటే మా అత్త పిలిచింది. "నువ్వొద్దు పిల్లా. పొద్దున్న అడ్డెట్టిన మనిషివి. లోనికెల్లి కూకో" అంది. తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన స్టీరింగ్ తుడుచుకుంటున్నారు.

నా బిందె ఎదురింటామె చంకనెత్తుకుంది. మంచి మనిషి, నవ్వుమొహం, ఎవరి మాటకీ ఎదురు చెప్పదు. నన్ను లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరకి వేశారు. ఇంజను స్టార్టయింది. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. ఎంత విన్నా ఇంజను చప్పుడే గానీ ఇంకేమీ తెలియలేదు. బండి మళ్ళీ వణికినా సరే, ఎదురింటామె తప్పుకుంటుంది.