సగం ధర

మెడలో టేపుతోనే ఇంటికొచ్చే ఆ దర్జీ, కొత్త వస్తువు ఏది కనిపించినా తిప్పి తిప్పి చూసి, "ఎంతకు కొన్నావ్?" అనేవాడు. భార్య ఎంత చెప్పినా, "నిన్ను నిలువునా ముంచారు," అని పెదవి విరిచేవాడు. అదంతా పొదుపే అనుకునేవాడు. తనకూ కళ్లజోడు అవసరమైన రోజున, ఆమె ఈమధ్యే కళ్లజోడు కొనుక్కున్న షాపుకెళ్లి, "మా ఆవిడకిచ్చిన ధరకే ఇవ్వండి," అని ఆమె తనకు చెప్పిన ధరతో బేరం మొదలుపెట్టాడు. షాపాయన ఆ ధర విని ఇబ్బందిగా నవ్వాడు. "అసలు ధర దానికి రెట్టింపండీ. మీరు కోప్పడతారని, ఇంట్లో సగమే చెబుతానన్నారామె." పక్కనున్న ఇద్దరు చూపు తిప్పుకున్నారు. దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చేసరికి ఆమె ఆ కళ్లద్దాలు పెట్టుకుని, అతను కుట్టిన చొక్కాలకు గుండీలు కుడుతోంది. "ఇవి నీకు బాగున్నాయి," అన్నాడు. ఆమె ఉలిక్కిపడి, "చాలా చవగ్గానే వచ్చాయండీ," అంది. అతను చెప్పులైనా విడవకుండా, తలొంచుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.