దేవుని అర్ర

ఎండాకాలంలో కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఒక ఖరీదైన రిసార్టులో దిగాను. గిరాకీ లేని రోజులు. అంత పెద్ద చోట నేనొక్కడినే. అద్దాల గదిలోంచి చూస్తే నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఈవలంతా నెర్రెలు విచ్చిన ఒండ్రు, దాని మీద ఒరిగిపోయిన బోట్లు.

పొద్దు వాలుతుంటే ఆ ఒండ్రు మీదికి నడిచాను. పసుపు పొట్లం పట్టుకుని ఒక ముసలమ్మ ఎదురొచ్చింది. ఉన్నట్టుండి ఆగి, చెప్పులు విడిచి, అక్కడేమీ లేకపోయినా గడప దాటినట్టు కాలెత్తి అడుగు వేసింది.

"బూట్లు ఇడువు బిడ్డా," అంది మెల్లగా. "నువ్వు మా దేవుని అర్రల నిలవడ్డవు."

"పూజగదా? ఇక్కడ మీ ఇల్లుండేదా అమ్మా?"

"ఊరే ఉండె. డ్యాం కట్టినంక మునిగింది. నీళ్లు ఎన్కకు పోయినప్పుడల్లా వస్త, గింత పసుపు వెడ్త."

బూట్లు విప్పాను. అరికాళ్లు చురుక్కుమన్నాయి. నా పక్కనే ఒండ్రులోంచి బయటపడ్డ రాయికి ఆమె పసుపు రాస్తుంటే నేను కదల్లేదు. కదిలితే ఎవరింట్లో అడుగు పెడతానో తెలియదు.

వానలు పడ్డాక రిసార్టు నుంచి ఫోన్ వచ్చింది. "నది నిండింది సార్, బోటు షికారు మొదలైంది, రండి" అన్నారు.

ఆ బోటు దేవుని అర్ర మీదుగానే పోతుంది. నేను మళ్లీ వెళ్లలేదు.