హౌజులో అంతరతామర

ఒక చెరువును పాడుచేయాలంటే ఫ్యాక్టరీ పెట్టాలని, లారీలకొద్దీ చెత్త పోయాలని మీరు అనుకుంటున్నారేమో. అంత ఖర్చు అక్కర్లేదు. ఒక బకెట్టు, ఒక బ్రష్షు, డిగ్రీ చదివిన ఒక తల్లి ఉంటే చాలు. ఆ తల్లిని నేనే. నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. పాప లేచేలోపు ముగించాలి కాబట్టి మధ్యలో నా పరువు కోసం ఎక్కడా ఆగను.

మాది దబీర్‌పురా. మా ఆయన రమేశ్ నయాపూల్ దగ్గర కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాడు. వారమంతా జనం చూపు సరిచేసి, ఆదివారం చేపల వెంట పడతాడు. అదీ మామూలు గాలం కాదు. ఎర ఉండదు, వానపాము ఉండదు. కోడి ఈకలకు దారం చుట్టి పురుగులాంటి బొమ్మ తయారుచేసి, దాన్ని పొడవాటి సన్న కర్రతో నీళ్ల మీదికి విసురుతాడు. ఫ్లై ఫిషింగ్ అంటారట. చేప ఆ బొమ్మను చూసి మోసపోతే, బయటికి తీసి, కాసేపు మురిసిపోయి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. మా అత్తమ్మకు ఈ ఆఖరి భాగం ఇప్పటికీ మింగుడుపడలేదు.

"పట్టినవారా?"

"పట్టిన."

"ఏది మరి?"

"ఇడిసిపెట్టిన."

"పులుసుకు చింతపండు నానబెట్టిన గదరా. గిప్పుడు దాన్ని నేను యాడ ఇడిసిపెట్టాలె?"

ఈ విద్య నేర్పింది బేగ్ సాబ్. రిటైరైన ఇంజనీరు. కర్ర, రీలు, వల, నీళ్లలో నడిచే బూట్లు అన్నీ ఆయనవే. మా ఆయన ఆదివారం ఆ సామానంతా అరువు తెచ్చుకునేవాడు. మోకాళ్లు అరిగిపోవడంతో సాబ్ ఇక నీళ్లలో దిగడం మానేయాలనుకుంటున్నాడు. తన కర్రను ఇద్దరు శిష్యుల్లో ఒకరికి ఇచ్చేస్తానన్నాడు. అలాంటి కర్ర కొనాలంటే మేము ఇంట్లో ఒక గది అమ్ముకోవాలి. పైగా రెండో శిష్యుడు మా ఆయన కన్నా చక్కగా విసురుతాడు. మా ఆయన ఆశల్లా ఒక్కటే. సాబ్‌కు విసరడం కన్నా కడగడం ముఖ్యం.

ఎందుకంటే, ఒక చెరువులో తడిసిన బూట్లు, వల అలాగే తీసుకుని ఇంకో చెరువులో దిగితే, మొదటి చెరువు దరిద్రం రెండోదానికి పడుతుంది. నత్త గుడ్లు, నాచు, కలుపు మొక్కల ముక్కలు మన వెంటే టికెట్ లేకుండా ప్రయాణం చేస్తాయి. కొత్త చోట వాటిని తినేవాళ్లు, అడిగేవాళ్లు ఉండరు. ఊరంతా కాపురం పెడతాయి. అందుకే సాబ్ మంత్రం మూడు మాటలు: చూడు, కడుగు, ఎండబెట్టు.

ఈ సంగతి నా చెవిన పడకుండా ఉంటే బాగుండేది. పాప పుట్టినప్పటి నుంచి భయపడటం నాకు ఉద్యోగం. సెలవులు కూడా లేవు. ఒక ఆదివారం సాయంత్రం మా ఏడాదిన్నర పాప గడప దగ్గర కూర్చుని, ఆ తడి బూటు లేసును జిలేబీలా చప్పరిస్తూ కనిపించింది. తర్వాత నేను ఫోనులో ఏమేమి చదివానో మీకు చెప్పను. మీరైనా అన్నం తినాలి కదా. ఆ రోజుతో కడుగుడు శాఖ నా చేతికి వచ్చింది.

"నేను కడుగుకుంట గద," అన్నాడు మా ఆయన.

"నువ్వు కడిగితే చూసిన. గుళ్లె తీర్థం జల్లినట్టు జల్లుతవు."

"సాబ్ ఏమన్లేదు."

"సాబ్‌కు ఏడాదిన్నర పిల్ల లేదు."

బూట్ల అరికాళ్లు గోకాను. కుట్ల మధ్య పాత టూత్‌బ్రష్ పెట్టి తోమాను. వలను మూడు బకెట్ల నీళ్లలో జాడించి, డాబా మీద తీగకు ఆరేశాను. అడ్డమొచ్చిన ప్రతివాళ్లకూ పాఠం చెప్పాను. పాల ప్యాకెట్ ఇచ్చే పక్కింటి యాదమ్మ కూడా మా గడప దగ్గర చెప్పులు దులుపుకోవడం మొదలుపెట్టింది, పాపం, ఆమె ఏ చెరువుకూ పోకపోయినా.

ఇక్కడ మా ఇంటి హౌజు గురించి చెప్పాలి. మామయ్య బర్రెలు పెట్టుకున్న రోజుల్లో వాటికోసం పెరట్లో కట్టించిన పెద్ద నీళ్ల తొట్టి అది. బర్రెలు పోయాయి, హౌజు మిగిలింది. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని అత్తమ్మ రాజ్యంలో నీళ్లు పారబోయడం నేరం. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిలికి, మిగిలినవన్నీ హౌజులోకి. దోమల మందు వారం వారం నేనే వేసేదాన్ని. అంత జాగ్రత్త నాది.

మూడు బకెట్లు నేనెక్కడ పోశానో మీకు అర్థమైపోయే ఉంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. అడుసు తొక్కింది మా ఆయన, కడిగింది నేను. కడిగిన నీళ్లు ఎక్కడ పోయాలో ఆ పెద్దలు చెప్పి చావలేదు.

కొన్నాళ్లకు అత్తమ్మ పెరట్లోంచి పిలిచింది. "స్వాతీ, హౌజుల పువ్వు పూసింది సూడు."

నీళ్ల మీద ఆకుపచ్చ గులాబీలాంటిది తేలుతోంది. ఆకులు మెత్తగా, ముఖమల్ గుడ్డలా ఉన్నాయి.

"ఎవరు వేసిన్రు అత్తమ్మా?"

"ఎవ్వలు ఏయలే. దేవుడే పంపిండు."

దేవుడు పంపినదాన్ని దేవుడి దగ్గరికే చేర్చింది. ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని తేలించి, పటాల ముందు పెట్టింది. మరునాడు ఇంకోటి. అవతలి వారానికి హౌజులో నీళ్లు కనిపించడం మానేశాయి. నేను కూడా మురిసిపోయి, పాపను పక్కన నిలబెట్టి ఫోటోలు తీశాను. మా ఆయన చీకటితో పోయి చీకటిపడ్డాక వచ్చేవాడు కాబట్టి పెరటి వైపు తొంగి చూసిందే లేదు.

ఒక శుక్రవారం పొద్దున చొక్కా తొడుక్కుంటూ మా ఆయన అన్నాడు. "సాయంత్రం సాబ్ మనింటికొస్తుండు. సామాను యాడ కడుగుతమో, యాడ ఎండబెడతమో చూస్తడంట. చూసినంకనే కర్ర ఎవలకో చెప్తడు. నిన్న ఆ పోరని ఇల్లు చూసి వచ్చిండు."

"ఫికర్ చేయకు," అన్నాను. "మనిల్లు చూసి ఆయనే నేర్చుకోవాలె."

ఆ గర్వంలోనే, సాబ్‌కు మా హౌజు అందం కూడా చూపిద్దామనిపించింది. దాని పేరు తెలియకపోతే ఏం బాగుంటుందని ఫోటో పెట్టి ఫోనును అడిగాను. అంతరతామర అని చెప్పింది. కింద ఇంకా చాలా చెప్పింది. చెరువులను దుప్పటిలా కప్పేస్తుందట. కింద చేపలకు గాలి ఆడదట. ఒక్క పిలక చాలట, పడవకో వలకో అంటుకుని ఊళ్లు తిరుగుతుందట. వలకో, అన్న మాట దగ్గర నేను నేల మీద కూర్చున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట పెంచి రచ్చకెక్కబోతున్నాను.

ఇంతలో అత్తమ్మ ఒక గిన్నెలో మూడు మొక్కలు పెట్టుకుని చీర సర్దుకుంటోంది.

"యాడికి అత్తమ్మా?"

"బహదూర్‌పురా. బిడ్డకిచ్చొస్త. ఆల్లింటి ఎనకనే చెరువున్నది గద, అండ్ల ఏసుకుంటే మంచిగ పెరుగుతయి."

గిన్నె లాక్కున్నాను. పెళ్లయ్యాక అత్తమ్మ చేతిలోంచి నేను ఏదైనా లాక్కోవడం అదే మొదలు. బుట్ట తెచ్చి హౌజులో ఉన్నదంతా తోడి, చెత్తబండిలో వేయబోయాను. ఆమె బండికీ నాకూ మధ్య నిలబడింది.

"దేవునికి పెట్టిన ఆకు చెత్తల ఏస్తవా?"

"దేవునికి పెట్టినయి రెండే గద."

"ఒక్క తల్లి పిల్లలే గదనే అన్ని. పారే నీళ్లల్ల కలపాలె. గంతే."

చెప్పి లాభం లేదు. మా ఇంట్లో పూజలో వాడిన పువ్వు దగ్గర్నుంచి విరిగిన పటం దాకా పారే నీళ్లలోకే పోతుంది. పారే నీళ్లంటే మాకు మూసీ. సాయంత్రానికి హౌజు ఖాళీ కావాలి, అత్తమ్మ శాంతించాలి, మా ఆయనకు కర్ర రావాలి. మూసీలో ఎట్లాగూ గుర్రపు డెక్క ఉండనే ఉంది, చుట్టాలు కలిసినట్టుంటుంది అనుకున్నాను. చూశారా, ఊరందరికీ పాఠం చెప్పిన పంతులమ్మ బుర్ర అవసరానికి ఎలా వంగిందో.

పాపను చంకనేసుకుని, పెద్ద కవరు మోసుకుని ఆటో ఎక్కాను. కవరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏంది అక్కా అండ్ల, చేపలా?" అన్నాడు ఆటో అతను.

"పూలు."

"ఇన్ని పూలా? ఎవరి పెండ్లి?"

మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గర దిగాను. జనం చెత్త వేయకుండా వంతెనకు ఎత్తుగా జాలీ కట్టారు. ఒక చేత్తో పాప, ఒక చేత్తో కవరు. కవరును గిరగిరా తిప్పి విసిరాను. మా ఆయన విసురుడును రోజూ ఎగతాళి చేసే నాకు ఆ రోజు ఆ కళలోని కష్టం తెలిసింది. కవరు జాలీ కొనకు తగులుకుని వేలాడింది.

"స్వాతీ?"

వెనక్కి తిరిగాను. మా ఆయన. పక్కన బేగ్ సాబ్, చేతిలో గుడ్డసంచిలో పెట్టిన పొడవాటి కర్ర. దుకాణం దగ్గర శిష్యుణ్ణి కలుపుకుని మా ఇంటికే బయల్దేరాడు.

"సలాం సాబ్," అన్నాను, రోడ్డు మీద కలవడం ఎంతో సహజమన్నట్టు.

"జీతే రహో బేటా. పైన ఏంది అది?"

"పూలు సాబ్. పూజ పూలు."

అప్పుడే కవరు చిరిగింది. అవతలి వైపు కాదు, ఇవతలికి. అంతరతామరలు ఒకదాని వెంట ఒకటి ఫుట్‌పాత్ మీద పడ్డాయి. ఒకటి సాబ్ భుజం మీద, బిళ్ల పెట్టినట్టు అతుక్కుంది. ఆయన దాన్ని మెల్లగా తీసి, వేర్లు చూసి, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను పాప వైపు చూశాను. పాప చప్పట్లు కొట్టింది.

"యాడిది ఇది?" అన్నాడు సాబ్.

ఇక దాచి లాభం లేదని హౌజు, మూడు బకెట్లు, ఇత్తడి గిన్నె, అన్నీ చెప్పేశాను. చివర్లో, "మూసీల ఇట్లాంటియి మస్తున్నయి గద సాబ్," అని చిన్న గొంతుతో వాదించి చూశాను.

"ఇంట్లె ఒక దొంగ దూరిండని ఇంకో దొంగకు తలుపు తీస్తమా బేటా?"

నలుగురి కాళ్ల కిందా పడకుండా ముగ్గురం వంగి ఏరాం. పక్కనే ఉన్న హైకోర్టుకు పని మీద వచ్చినవాళ్లు ఆగి, ఏం పోయిందని అడిగారు. మా ఆయన మాత్రం కర్ర వైపు, స్టేషను దాటిపోతున్న రైలును చూసినట్టు చూశాడు.

ఇంటికి చేరాక సాబ్ నేరుగా అత్తమ్మ దగ్గరికి పోయాడు. "అమ్మా, సూర్యుడు దేవుడేనా కాదా?"

"ఎందుకు గాదు. పొద్దుగాల లేవంగనే మొక్కుత."

"అయితే గివి నదికి వద్దు, ఆయనకు అప్పజెప్పండి. డాబా మీద పరిస్తే నాలుగెండలకు ఆయనే తీసుకుంటడు."

అత్తమ్మ ఆలోచించింది. "గిది ముందే చెప్తే అయిపోతుండె గద. నా కోడలు సదువుకున్నది, దానికి సూర్యుడు యాదికే రాలే."

డాబా మీద అంతా పరిచాం. హౌజు ఖాళీ చేసి, నీళ్లను గుడ్డలో వడగట్టి పెరటి మట్టిలో పోశాం. అప్పుడు సాబ్ మా ఆయనను పిలిచాడు.

"చూడు రమేశ్. కడిగిన నీళ్లు మట్టిలె పోయాలని నీకు నేను చెప్పలే. హౌజుల పోసేటోళ్లు ఉంటరని నాకు తోచలే. అది నా గల్తీ. ఆ పోరనింట్లె వల తడిగనే మూలకు పడున్నది. మీ ఇంట్లె కనీసం కడిగిన్రు, తోమిన్రు." కర్రను మా ఆయన చేతిలో పెట్టాడు. "నీదే. ఒక్కటే షర్తు. ఇగనుంచి నువ్వే కడగాలె, ఎండబెట్టాలె. బేటా బకెట్ ముట్టొద్దు."

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతోనా, షర్తుతోనా అని నేను అడగలేదు.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు ఆయన తోముతుంటాడు, నేను పాపను ఎత్తుకుని కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. ఇందులో నాకు పడిన శిక్ష ఏమిటో నాకింకా బోధపడలేదు. అయినా తప్పు తప్పే కాబట్టి, మీ అందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఆ బకెట్టు ముట్టను. తప్పనిసరై ముట్టాల్సి వస్తే, అందులోని నీళ్లను ముందు మర్యాదగా అడుగుతాను, ఎక్కడ్నుంచి వచ్చారు, ఎవరెవర్ని వెంటబెట్టుకొచ్చారు అని.