మా ఇంట్లో ఆమె మాట

నాకు పెళ్లయి సూర్యాపేటకు కాపురానికి వచ్చేటప్పటికి ఆ చుట్టుపక్కల ఊళ్లు తగలబడుతున్నాయి. నైజాం పాలన చివరి రోజులవి. ఎవరు తగలబెట్టారని పైకి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మా ఆయన అక్కడి చర్చిలో ఉపదేశి. చర్చి పక్కనే రెండు గదుల పెంకుటిల్లు మాది. నేను కోదాడలో బడిపంతులు కూతుర్ని. కొత్త కాపురం కదా, సాయంత్రం పూట ఆయన ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని కబుర్లు చెబుతారని ఆశపడ్డాను. కొన్నాళ్లు అలా జరిగింది కూడా.

ఒక మధ్యాహ్నం గరిడేపల్లి వైపు నుంచి కొన్ని కుటుంబాలు నడిచొచ్చి చర్చి మెట్ల మీద కూలబడ్డాయి. వాళ్ల గుడిసెలు కాలిపోయాయి. ఒంటి మీది బట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. మా ఆయన ఇంకో మాట మాట్లాడకుండా చర్చి తలుపులు తీసి, బల్లలు బయట వేయించి, లోపల గడ్డి పరిపించారు. మర్నాడు సంఘపెద్ద ఒకాయన వచ్చి గొణిగాడు.

"వీళ్లల్ల మన విశ్వాసులు ఎవలన్న ఉన్నరా అయ్యగారూ? ఆదివారం ప్రార్థన ఏడ చేసుకోవాలె?"

"చెట్టు కింద చేసుకుందం. ఇల్లు కాలినోళ్లను మీది ఏ మతమని అడుగుతమా?" అన్నారు మా ఆయన.

ఆ మాటకు నాకు గర్వంగా అనిపించింది. ఆ రోజు నేనే పెద్ద గిన్నెలో జొన్న జావ కాచి అందరికీ పోశాను. కుళ్లుకోవడం తర్వాత మొదలైంది.

వాళ్లలో ఒకామె ఉంది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. భర్త ఏమయ్యాడో తెలియదు. పిల్లల్లేరు. ముసలి అత్తను వీపున మోసుకొచ్చింది. అందగత్తె కాదు. అందగత్తె అయితే నా బాధ నలుగురికీ చెప్పుకోవడానికి వీలుండేది.

మా ఆయనకు నోరు తెరిచి అడగడం రాదు. జనానికి తిండిగింజల కోసం బజారుకు వెళ్లి, దుకాణాల ముందు కాసేపు నిలబడి, మంచీ చెడూ మాట్లాడి తిరిగొచ్చేవారు. అది రెండుసార్లు చూసింది ఆమె. "మీరు ఊకె పక్కన నిలవడుండ్రి అయ్యగారూ, నేనడుగుత" అని వెంట వెళ్లింది. సాయంత్రానికి నూకల మూట తెచ్చారు. ఇంకొన్నాళ్లకు ఇంకో మాట అంది.

"గంజి తాగుకుంట ఎన్నొద్దులు కూసుంటం? గుడి ఎనక జాగ ఉన్నది కద. కట్టెలు, తాటికమ్మలు జూపియ్యుండ్రి సాలు, గుడిసెలు మేమే ఏసుకుంటం."

ఇక అప్పటినుంచి మా ఇంట్లో ఆమె మాటే. ముద్ద నోట్లో పెట్టుకోకముందే, "ఆమె ఇయ్యాల ఏమన్నదో ఎరుకేనా?" అని మొదలుపెట్టేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నేనేమన్నానో ఎప్పుడైనా ఎవరికైనా ఇలా చెప్పారా?"

ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని నిజంగానే ఆలోచించారు. "నువ్వేమన్నవ్?" అన్నారు. ఆయనది ఎగతాళి కాదు. నేనేమీ అనలేదన్నది కూడా నిజమే.

మా అమ్మ తన పాత చీరలతో కుట్టిచ్చిన బొంత ఒకటి ఉండేది. బట్టలుతుక్కుని వచ్చేసరికి మంచం మీద అది లేదు. ఆమె అత్తకు చలిజ్వరమని ఇచ్చేశారట. "అది మా అమ్మ కుట్టింది" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "పోయి తెస్త" అని లేచారు. జ్వరంతో ఉన్న ముసలమ్మ మీది నుంచి బొంత లాగించిన దాన్ని అవుతానని వద్దన్నాను. రెండు రోజుల తర్వాత అది ఎండలో ఆరేసి ఉంటే దగ్గరికి వెళ్లి చూశాను. చిరిగిన అంచు ఆమె కుట్టింది. అమ్మ కుట్టుకంటే సన్నంగా, వరసగా ఉంది. దానికీ ఒళ్లు మండింది.

మిర్యాలగూడలో ఒక మిల్లు ఆసామి దగ్గర పాత వెదురు ఉందని తెలిసింది. మా ఆయనా, ఆమె, ఇంకో ఇద్దరు మగవాళ్లూ బండి కట్టుకుని వెళ్లారు. బండి నిండా వెదురుతో తిరిగొచ్చిన రోజు ఆయన నవ్వుతూ దిగారు. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టారు.

"ఆసామి ఇయ్యనన్నడు. ఆమె వాకిట్లనే కూసున్నది. 'మీరియ్యకుంటె ఈణ్నే గుడిసె ఏసుకుంటం దొరా' అన్నది. ఆయనకు నవ్వాగలె. ఇచ్చిండు."

నేను అన్నం పెట్టి పక్కకు వచ్చేశాను. తెల్లారి అమ్మను చూసొస్తానని చెప్పి కోదాడ వెళ్లే బండెక్కాను.

కోదాడలో మా ఇల్లూ ఖాళీగా లేదు. ఊళ్లు విడిచి వచ్చినవాళ్లు వసారా నిండా ఉన్నారు. నా మంచం మీద నిండు చూలాలు ఒకామె పడుకుని ఉంది. అమ్మ నన్ను చూసి, "వచ్చావా, మంచిదైంది. ఆ బియ్యం చెరుగు" అంది. చెరుగుతూనే నా గోడు చెప్పుకున్నాను.

"ఆయన ఆవిడతో తప్పుగా ఏమన్నా ఉన్నాడా?"

"లేదు."

"మరి ఏమిటే నీ బాధ?"

"నాతో ఎప్పుడూ అలా నవ్వలేదమ్మా."

అమ్మ చెరిగిన బియ్యం గిన్నెలో పోసుకుంది. "బండి మీద నువ్వెళ్లలేదుగా" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె మీద ఉన్న కోపానికి అమ్మ మీది కోపం కూడా తోడైంది.

ఆయన వస్తారని రోజూ చూశాను. ఆయన రాలేదు. ఆమె వచ్చింది.

"అయ్యగారు పంపారా?" అన్నాను గుమ్మంలోనే.

"లేదు. చెప్పకుంటనే వచ్చిన. ఆయన సరిగ తింటలేడు, మాట్లాడ్తలేడు."

"మాట్లాడటానికి నువ్వున్నావుగా."

ఆమె నొచ్చుకోలేదు. గడప పక్కన కూర్చుంది. "మీరు అలిగొచ్చిండ్రని నాకెరుకె. నాగ్గూడ మీ మీద కుళ్లుండె అమ్మగారూ. అలిగి పోవాల్నంటె తల్లిగారిల్లు ఉండాలె. నాకు పోనీకె ఇల్లే లేకపాయె."

ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. ఇందులోనూ ఈమెదే పైచేయి అనిపించింది. "ఆయనెందుకు రాలేదు?" అన్నాను.

"ఆయనకు అడగనీకె రాదు గద. మిమ్మల్ని ఇంటికి రమ్మని సుత అడగలేడు."

ఆ మాట నిజం. నాకంటే ముందు అది ఆమె కనిపెట్టింది. తీసుకెళ్లిన బట్టలు మళ్లీ మూట కట్టుకున్నాను.

మేం వెళ్లేసరికి చర్చి వెనక రాటలు పాతారు. గోడలకు మట్టి తొక్కుతున్నారు. ఇంట్లోకి వెళ్లకుండా, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని మట్టిలో దిగాను. మా ఆయన చూసి, పంచె ఎగగట్టి తానూ దిగారు. ఎందుకు వెళ్లావనలేదు, వచ్చావా అనలేదు. నా కాలు జారి ఆయన భుజం పట్టుకుంటే మాత్రం నవ్వారు. ఆ నవ్వు కోసం ఆ వారమంతా మట్టి తొక్కాను.

యూనియన్ సైన్యం వచ్చాక కొందరు తమ ఊళ్లకు వెళ్లారు, కొందరు ఆ గుడిసెల్లోనే స్థిరపడ్డారు. మిర్యాలగూడ సంఘంవాళ్లు తమ దగ్గర నీడలేనివాళ్లకు గుడిసెలు వేయించాలనుకుని ఆమెను రమ్మన్నారు. అత్తను బండిలో కూర్చోబెట్టుకుని వెళ్లిపోయింది. నేను అనుకున్నంత సంతోషం కలగలేదు. ఆ పూట ఆయన సగం అన్నం వదిలేస్తే కలిగిన మంట మాత్రం ఎప్పటిదే.

మిగిలినవాళ్ల కోసం గింజలు అడగడానికి ఇక నేను వెళ్లాలి. మొదట్లో మంచీ చెడూ మాట్లాడి ఊరికే తిరిగొచ్చేదాన్ని. ఆయన వెనక నిలబడి ఉండేవారు. ఒకరోజు ఎవరికీ ఏమీ ఇవ్వడని పేరున్న దుకాణదారు ముందు కూర్చుని, ఇచ్చేదాకా లేవనన్నాను. బస్తా నూకలు ఇచ్చాడు. ఆ సాయంత్రం సంఘపెద్ద ఇంటికి వస్తే, మా ఆయన ఎంతో సంబరంగా చెప్పారు.

"అచ్చం ఆమె అడిగినట్టే అడిగింది పెద్దయ్యా."

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.